మోడల్‌లో సగం కట్టిన బిల్డింగ్ కనిపించాలి: సైట్ సేఫ్టీకి బిమ్ వాడటంపై నా సమాధానం

మీరు అడిగింది ఇదీ: మధురవాడ వైపు రెండు సెల్లార్లు, పైన 14 అంతస్తుల అపార్ట్‌మెంట్ సైట్. ఆర్కిటెక్ట్ ఆఫీసు నుంచి రెవిట్ మోడల్ వచ్చింది, అంటే బిల్డింగ్‌ను భాగాల వివరాలతో సహా కంప్యూటర్‌లో త్రీ-డీగా కట్టిన బొమ్మ; ఈ పద్ధతినే బిమ్ అంటారు. "దీన్ని సేఫ్టీకి కూడా వాడండి" అని మేనేజ్‌మెంట్ అంటోంది. ఇది నిజంగా ప్రమాదాలను ఆపుతుందా, లేక మీటింగ్‌లో తెర మీద తిప్పి చూపించడానికేనా? విడిగా బిమ్ టీమ్ లేని సైట్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆపుతుంది. అయితే మీ చేతికి వచ్చిన మోడల్‌ను ఉన్నది ఉన్నట్టు వాడితే ఆపదు. ఆ మోడల్‌లో ఉన్నది కట్టి పూర్తయిన బిల్డింగ్. మనుషులు పడిపోయేది సగం కట్టిన బిల్డింగ్‌లోంచి. మోడల్‌లో బాల్కనీకి రెయిలింగ్ ఉంటుంది, లిఫ్ట్‌కు తలుపు ఉంటుంది, డక్ట్ (పైపులు దిగే నిలువు సందు) నిండా పైపులు ఉంటాయి. మీ సెంట్రింగ్ (కాంక్రీటు పోసే అచ్చు కట్టే) కుర్రాళ్లు పని చేసే రోజున ఇవేవీ ఉండవు. కాబట్టి ముందు ఆ లేనివాటిని మోడల్‌లోకి తేవాలి: తెరిచి ఉన్న అంచులు, స్లాబు రంధ్రాలు, పరంజా, ప్రాప్‌లు (స్లాబు కింద పెట్టే ఊతలు), క్రేన్, తవ్విన గుంట, వాటి తేదీలు. తర్వాత దాన్ని కాగితం మీద మేస్త్రీ చేతికి అందించాలి. ఈ రెండూ జరిగిన సైట్లలో తేడా నేను కళ్లారా చూశాను.

నేను 21 ఏళ్లుగా విశాఖ చుట్టుపక్కల సైట్లలోనే ఉన్నాను. మొదటి తొమ్మిదేళ్లు సైట్ ఇంజినీర్‌ని, ఆ తర్వాత సేఫ్టీలోకి మారాను. మోడల్ పని నేర్చుకున్నది చాలా ఆలస్యంగా. నేర్చుకోవడానికి కారణమైన సంగతి ముందు చెబుతాను.

గాజువాక వైపు ఒక సైట్‌లో ఐదో అంతస్తు స్లాబు మీద బాత్రూమ్ పైపుల డక్ట్ ఉంది. సుమారు మూడడుగులకు రెండడుగుల రంధ్రం. దాని మీద ఒక ప్లైవుడ్ షీటు పరిచి ఉంది. మేకు లేదు, రంగు లేదు, రాత లేదు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రాడు అది సెంట్రింగ్ షీటే అనుకుని పక్క గదికి తీసుకెళ్దామని రెండు చేతులతో ఎత్తాడు. షీటు నిలువుగా ఛాతీకి ఆనించి పట్టుకుంటే కాళ్ల దగ్గర ఏముందో కనిపించదు కదా. ఒక్క అడుగు ముందుకు వేశాడు. మూడో అంతస్తులో అదే డక్ట్ మీద ఎవరో అడ్డచెక్కలు వేసి ఉంచారు కాబట్టి రెండంతస్తులతో ఆగాడు. తుంటి, మణికట్టు విరిగాయి. బతికాడు కానీ మళ్లీ సెంట్రింగ్ పనికి రాలేదు. సాయంత్రం మేస్త్రీ నాతో అన్నమాట ఇప్పటికీ మర్చిపోలేను: "ఆ చెక్క కింద బొక్కున్నట్టు ఆడికేటి తెలుసు సార్?" ఆ ఉదయం రౌండ్‌లో నేనూ ఆ షీటు పక్క నుంచే నడిచి వెళ్లాను. నాకూ తెలియలేదు.

కానీ డ్రాయింగ్‌కు తెలుసు. ఆ రంధ్రం అక్కడ వస్తుందని స్లాబు వేయడానికి నెలల ముందే గీసి ఉంది. మోడల్ ఉన్న సైట్‌లో అయితే ఆ సమాచారాన్ని పట్టికగా బయటికి తీయొచ్చు.

అందుకే మీకు నా మొదటి సలహా: ఓపెనింగ్స్ షెడ్యూల్‌తో, అంటే స్లాబు రంధ్రాల పట్టికతో మొదలుపెట్టండి. రెవిట్‌లో స్లాబు ఓపెనింగ్‌లు, షాఫ్ట్‌లు అంతస్తుల వారీగా వడకట్టండి. ఒక మాదిరి అపార్ట్‌మెంట్‌లో ఒక్కో ఫ్లోర్‌కు నలభైకి పైగా రంధ్రాలు తేలడం నేను చూశాను. సైట్‌లో ఎవరిని అడిగినా పది, పదిహేను అనే చెబుతారు. ప్రతి రంధ్రానికీ ఒక నంబరు ఇవ్వండి, ఉదాహరణకు ఐదో ఫ్లోర్‌లో పదిహేడోది 5-17. స్లాబు వేయకముందే దాని మూత ఏమిటో తేల్చండి. చిన్నవాటికి మేం చేసే పని ఒకటుంది. స్ట్రక్చరల్ కన్సల్టెంట్‌ను అడిగి, స్లాబు స్టీలును రంధ్రం గుండా కోయకుండా అలాగే పోనిస్తాం. కాంక్రీటు ఉండదు, కానీ జల్లెడలా రాడ్లు ఉంటాయి. మనిషి జారినా కిందికి పోడు. ప్లంబర్ వచ్చి పైపు దింపే రోజున మాత్రమే కోస్తారు. పెద్దవాటికి ఫ్రేముతో మూత వేసి, స్లాబుకు బిగించి, పసుపు రంగు కొట్టి, అదే నంబరు దాని మీద రాస్తాం. మోడల్‌లోని నంబరు, కాగితం మీది నంబరు, మూత మీది నంబరు ఒకటే కావాలి. పొద్దున్న రౌండ్‌లో సేఫ్టీ కుర్రాడు ఆ కాగితం పట్టుకుని టిక్ పెట్టుకుంటూ పోతాడు. 5-17 మూత లేదంటే ఎవరు తీశారో అరగంటలో తెలిసిపోతుంది.

రెండోది అంచులు. ఇక్కడ మోడల్ చేసే మేలు చాలామందికి తట్టదు. స్లాబు అంచుకు రెయిలింగ్ కట్టమని సేఫ్టీ వాళ్లు రోజూ అరుస్తారు, సైట్ వాళ్లు రోజూ వింటారు, అయినా సగం అంచు ఖాళీగానే ఉంటుంది. నిర్లక్ష్యం అనుకునేవాణ్ణి. ఒక సైట్‌లో మోడల్ నుంచి తెరిచిన అంచు పొడవు లెక్క తీశాం. ఒక్క ఫ్లోర్‌కు 210 మీటర్లు. ఒకేసారి మూడు ఫ్లోర్లు తెరిచి ఉంటాయి. స్టోర్‌లో ఉన్న పైపులు, క్లాంపులు 90 మీటర్లకే చాలతాయి! అంటే మేస్త్రీ కట్టాలనుకున్నా కట్టలేడు. ఆ లెక్కను ప్రింటు తీసి పర్చేజ్ వాళ్ల ముందు పెడితే వారంలో ఆర్డర్ వెళ్లింది. అంతకుముందు ఏడాది పాటు నేను రాసిన మెయిల్స్ చేయని పని అది. "రెయిలింగ్ పెట్టండి" అనే మాటకు ఎవరూ డబ్బు ఇవ్వరు. "630 మీటర్లు కావాలి, 90 ఉన్నాయి" అంటే ఇస్తారు. ఈ ఒక్క లాభం కోసమైనా మీ మోడల్ తెరవండి.

అంచుల దగ్గరే హార్నెస్ (ఒంటికి కట్టుకునే సేఫ్టీ బెల్టు) సంగతి. బెల్టు వేసుకుంటే చాలనుకుంటాం. లెక్క చూడండి: తాడు 1.8 మీటర్లు, షాక్ అబ్జార్బర్ (పడినప్పటి కుదుపును తగ్గించే మడత పట్టీ) తెరుచుకుంటే ఇంకో మీటరు పైన, వీపు మీది రింగు నుంచి పాదాల వరకు మీటరున్నర, ఆ కింద కాస్త ఖాళీ. కొక్కెం తగిలించిన చోటు నుంచి కిందికి మొత్తం 5 మీటర్లకు పైగా ఖాళీ కావాలి. మొదటి అంతస్తు స్లాబు అంచున, పాదాల దగ్గర ఉన్న రాడ్‌కు కొక్కెం తగిలించిన మనిషికి కింద ఉండేది మూడు మీటర్లే. బెల్టు ఉండి కూడా నేలను తాకుతాడు. మోడల్‌లో సెక్షన్ కోసి ఈ కొలత చూస్తే ఏ అంతస్తులో బెల్టు పనికొస్తుందో, ఎక్కడ రెయిలింగో పరంజానో తప్ప దారి లేదో ముందే తెలుస్తుంది. యాంకర్ పాయింట్లు (కొక్కెం తగిలించే చోట్లు) తల కంటే ఎత్తులో ఎక్కడ పెట్టాలో కూడా అందులోనే గీసి, కాలమ్‌లు పోసేటప్పుడే వాటికి స్లీవ్‌లు (గొట్టపు రంధ్రాలు) వదిలేయొచ్చు.

ఇక తేదీలు. మోడల్‌లోని ముక్కలను మీ షెడ్యూల్‌కు, అంటే ప్రైమవెరాకో ఎంఎస్ ప్రాజెక్ట్‌కో కలిపితే దాన్ని ఫోర్-డీ అంటారు. వారం వారం బిల్డింగ్ ఎలా పెరుగుతుందో కదిలి కనిపిస్తుంది. ప్రెజెంటేషన్‌కు అందంగా ఉంటుంది, దాని గురించి నాకు పట్టింపు లేదు. సేఫ్టీకి నేను చూసేది రెండే.

ఒకటి, ప్రాప్‌లు. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం స్లాబు కింద ప్రాప్‌లు 4.5 మీటర్ల స్పాన్ (ఆధారాల మధ్య దూరం) వరకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీమ్ కింద 6 మీటర్ల వరకు 14, దాటితే 21 రోజులు. ఇవి ఓపీసీ, అంటే మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు చెప్పినవి. మన దగ్గర స్లాగ్ సిమెంటు, పీపీసీ (పోజొలానా కలిపిన సిమెంటు) ఎక్కువ వాడతాం, వాటికి ఇంకా ఆగాల్సి రావచ్చు, కన్సల్టెంట్‌ను అడగాలి. సైట్‌లో జరిగేదేమిటో మీకూ తెలుసు. పై అంతస్తుకు ప్రాప్‌లు చాలక పోతే కింద నుంచి లాగేస్తారు. లాగే కుర్రాడికి ఏ బీమ్ స్పాన్ ఎంతో, ఏ రోజు పోశారో ఎలా తెలుస్తుంది? అందుకే మేం కాంక్రీటు పోసిన ప్రతి భాగానికీ మోడల్‌లో పోసిన తేదీ నింపి, ప్రాప్ తీయకూడని భాగాలకు ఎరుపు, తీయొచ్చన్న వాటికి ఆకుపచ్చ రంగు వచ్చేలా పెట్టాం. సోమవారం సోమవారం ఆ ఫ్లోర్ ప్లాన్ ఏ-త్రీ కాగితం మీద రంగుల్లో తీసి మెట్ల దగ్గర అతికించేవాళ్లం. మోడల్ ఆకుపచ్చ రంగు చూపించింది కదా అని తీసేయడం కాదు, క్యూబ్ రిజల్ట్ (కాంక్రీటు దిమ్మెల బలం పరీక్ష ఫలితం) చూసి ఇంజినీర్ సంతకం పెట్టాకే. పైగా పైన తడి స్లాబు బరువు రెండు మూడు అంతస్తుల కింది దాకా దిగుతుంది. ఎన్ని ఫ్లోర్లకు ప్రాప్‌లు ఉంచాలన్నది కన్సల్టెంట్ లెక్క, ఆ లెక్కే మోడల్‌లోకి రావాలి.

రెండు, ఒకరి నెత్తి మీద ఒకరు పని చేయడం. ఎనిమిదో అంతస్తులో సెంట్రింగ్ విప్పుతుంటారు, అదే వరుసలో నాలుగో అంతస్తు బయట పరంజా మీద ప్లాస్టరింగ్ నడుస్తుంటుంది. బార్ చార్టులో ఈ రెండూ వేర్వేరు గీతలు, ఎవరి కంటికీ ఆనవు. ఫోర్-డీలో ఒకే నిలువు గీతలో మనుషులు కనిపిస్తారు. ప్లాస్టరింగ్‌ను బిల్డింగ్‌లో ఇంకో వైపు గోడకు జరిపితే సరిపోతుంది. కాంట్రాక్టర్లు ఇద్దరూ ఒప్పుకుంటారు కూడా, ఎందుకంటే ఎవరి పనీ ఆగదు.

క్రేన్ గురించి విశాఖ వాళ్లం ప్రత్యేకంగా ఆలోచించాలి. మన ఊరికి ఐఎస్ 875 (బిల్డింగుల మీద పడే భారాలకు భారతీయ ప్రమాణం) ఇచ్చిన బేసిక్ విండ్ స్పీడ్ సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను బీచ్‌కు దగ్గర్లో ఒక సైట్‌లో ఉన్నాను. ముందు రోజంతా షీట్లు కట్టేయడం, హాయిస్ట్ (సామాన్లు పైకి ఎక్కించే లిఫ్ట్) దించడం, లేబర్ కాలనీ రేకుల షెడ్లు ఖాళీ చేయించి అందరినీ పక్కా బిల్డింగ్‌లోకి పంపడం చేశాం. ఒక్కటి మాత్రం అప్పుడు మా చేతిలో లేకుండా పోయింది. తుఫాను గాలిలో టవర్ క్రేన్ జిబ్‌ను (పైన అడ్డంగా ఉండే చేతిని) బ్రేకు వదిలేసి గాలి ఎటు తోస్తే అటు తిరగనివ్వాలి, అప్పుడే మాస్ట్ (నిలువు స్తంభం) మీద భారం తగ్గుతుంది. మా క్రేన్ జిబ్ పూర్తిగా తిరగాలంటే పక్క బిల్డింగ్ వాటర్ ట్యాంకు అడ్డం. క్రేన్ పెట్టేటప్పుడు దాని ఎత్తు, రేడియస్ మన పనికి చాలుతుందా అని చూశారు కానీ, గాలికి చుట్టూ తిరిగే వీలుందా అని ఎవరూ చూడలేదు. ఆ రాత్రి నాకు కునుకు లేదు. క్రేన్ నిలబడింది. తర్వాత నుంచి ఏ సైట్‌లోనైనా క్రేన్ పునాది వేయకముందే మోడల్‌లో జిబ్ ఎత్తున పూర్తి వృత్తం గీయిస్తాను, చుట్టుపక్కల బిల్డింగులను ఉజ్జాయింపు పెట్టెల్లా పెట్టి. గంట పని.

అదే పద్ధతి కరెంటు లైన్లకు. రోడ్డు పక్క 11 కేవీ లైన్ ఉంటే దాని చుట్టూ మోడల్‌లో ఒక ఎర్రటి గొట్టం గీయండి, లోపలికి ఏదీ రాకూడదన్న హద్దుగా. అందరూ క్రేన్, బూమ్ పంపు గురించే చూస్తారు. నాకు భయం రాడ్‌తో. స్టీలు రాడ్ పొడవు 12 మీటర్లు. రెండో అంతస్తు బాల్కనీలోంచి దాన్ని చేతులతో లాగి లోపలికి తిప్పేటప్పుడు వెనక కొస ఎక్కడ తిరుగుతుందో లాగేవాడికి తెలియదు. ఒక సైట్‌లో ఆ కొస లైనుకు మూరెడు దూరంలో ఆగడం చూశాను. మోడల్‌లో 12 మీటర్ల గీత గీసి ఆ బాల్కనీలో తిప్పి చూస్తే చాలు, స్టీలు వెనక వైపు నుంచి ఎక్కించాలని నిర్ణయం అక్కడే అయిపోతుంది. లైన్‌ను జరిపించడమో, కవర్ వేయించడమో విద్యుత్ పంపిణీ సంస్థ చేయాల్సిన పని, దరఖాస్తు ముందే పెట్టండి.

మీది మధురవాడ కాబట్టి సెల్లార్ తవ్వకం మాట. అటువైపు కొండవాలు, ఎర్రమట్టి, కింద శిథిలమైన ఖొండలైట్ రాయి. ఎండలో గోడలా నిలబడే మట్టి రెండు వానలకు జారుతుంది. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాటి తెల్లవారుజామున వానకు కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొండ ఊరిలో వాన అంటే ఏమిటో మనకు మళ్లీ మళ్లీ గుర్తు చేయక్కర్లేదు. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) సేఫ్టీ కోడ్ ప్రకారం మీటరున్నర దాటిన తవ్వకానికి వాలు ఇవ్వాలి లేదా ఊత పెట్టాలి. తవ్విన మట్టి అంచు నుంచి కనీసం మీటరున్నర లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో ఉండాలి. ఆ దూరాన్ని మోడల్‌లో పట్టీలా గీసి, ఆ పట్టీలో స్టీలు యార్డు, మిక్సర్ లారీ దారి, లేబర్ షెడ్డు ఉన్నాయేమో నెలవారీగా చూడండి. లేఅవుట్ వేసేది ఎండాకాలంలో, గుంట తెరిచి ఉండేది వానాకాలంలో. తేదీలు కలిపిన మోడల్ లేకపోతే ఈ తేడా పట్టుబడదు. వాలు ఎంత ఇవ్వాలన్నది మాత్రం సాయిల్ రిపోర్టు, జియోటెక్ ఇంజినీర్ తేల్చాలి, మోడల్ చెప్పదు.

క్లాష్ డిటెక్షన్, అంటే ఒకదానికొకటి అడ్డం వచ్చే భాగాలను మోడల్‌లోనే పట్టుకోవడం గురించి చిన్న మాట. దాన్ని ఖర్చు తగ్గించేదిగా చూస్తారు. సేఫ్టీకీ అంతే మేలు. పైపుకు బీమ్ అడ్డం వచ్చిందని స్లాబు వేశాక తెలిస్తే ఎవరో ఒకరు నిచ్చెనెక్కి తల పైన కోర్ కటింగ్ (మెషిన్‌తో కాంక్రీటుకు గుండ్రటి రంధ్రం కోయడం) చేయాలి. ముందే తెలిస్తే ఆ నిచ్చెనే ఉండదు.

ఇప్పుడు జాగ్రత్తలు. పాత మోడల్ అసలు మోడల్ లేకపోవడం కన్నా ప్రమాదం. లేనప్పుడు మనిషి భయంతో చూసుకుంటాడు, ఉన్నప్పుడు నమ్మి నడుస్తాడు. సైట్‌లో హాయిస్ట్ చోటు మారితే ఆ వారమే మోడల్‌లో మారాలి. దానికి ఒక మనిషి పేరు ఉండాలి. మీ స్థాయి సైట్‌కు వారంలో ఒక రోజు పని. శనివారం సైట్ తిరిగి, ఫొటోలు తీసుకుని, మోడల్ సరిచేసి, సోమవారానికి ప్రింట్లు ఇవ్వాలి.

మోడల్ చట్టానికి బదులు కాదు. 1996 నాటి బీఓసీడబ్ల్యూ చట్టం (భవన నిర్మాణ కార్మికుల చట్టం) కింద వచ్చిన 1998 కేంద్ర నిబంధనల్లో 500 మంది, ఆపైన కార్మికులున్న చోట సేఫ్టీ ఆఫీసర్, సేఫ్టీ కమిటీ ఉండాలని ఉండేది; 2025 నవంబర్‌లో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. మీ దగ్గర అంతమంది లేకపోయినా ఒక కమిటీ పెట్టుకోండి. మోడల్‌ను చూసి తప్పులు పట్టేది వాళ్లే. బ్రిటన్‌లో 1994 నాటి నిబంధనలతోనే డిజైనర్ల మీద కూడా సేఫ్టీ బాధ్యత పెట్టారు, సింగపూర్‌లో 2015లో అలాంటి నిబంధనలే తెచ్చారు. మనం చట్టం కోసం ఆగక్కర్లేదు, మీ ఆర్కిటెక్ట్‌ను ఒక్కటి అడిగి చూడండి: పారాపెట్‌ను (పిట్టగోడను) స్లాబుతో పాటే పోసేలా డిజైన్ మార్చగలరా అని. మార్చితే టెర్రస్ మీద తాత్కాలిక రెయిలింగ్ అవసరమే పోతుంది.

సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ ఖర్చు పెట్టకండి. మోడల్ చూడటానికి నేవిస్‌వర్క్స్ ఫ్రీడమ్ ఉచితం. పరంజాను గొట్టం గొట్టంగా గీయాల్సిన పని లేదు, ఒక పారదర్శకమైన పెట్టె చాలు. వీఆర్ కళ్లద్దాలు కొంటామని మీ మేనేజ్‌మెంట్ అంటే, ఆ డబ్బుతో ముందు రెయిలింగ్ పైపులు కొనమనండి.

చివరిగా, మేస్త్రీ. మా సైట్‌లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు, శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు కలిసి ఉండేవాళ్లు. టూల్‌బాక్స్ టాక్‌లో (పని మొదలయ్యే ముందు చెప్పే సేఫ్టీ మాటల్లో) నేను తెలుగులో చెబితే సగం మందికి చేరేది కాదు. మోడల్‌లోంచి ఆ రోజు పని జరిగే గది బొమ్మ ఒకటి తీసి, రంధ్రాలు ఎరుపులో చూపించి, చేతికిస్తే భాష అడ్డం రాలేదు. ఒక రోజు స్టీలు రాడ్లు వంచి కట్టే ఒడియా కార్మికుడు ఒకతను ఆ కాగితం చూసి, వేలితో ఒక మూల తట్టి, "సార్, ఇక్కడ ఇంకోటి ఉంది" అన్నాడు. వెళ్లి చూస్తే ఎలక్ట్రీషియన్ కొత్తగా కోసిన రంధ్రం, మోడల్‌లో లేదు. ఆ సాయంత్రమే ఎక్కించాం. అప్పటి నుంచి ఉదయం కాగితం ఇచ్చేటప్పుడు మొదట అడిగేది అదే: ఇందులో లేనిది పైన ఏముంది?

మీరు ఈ వారం ఓపెనింగ్స్ షెడ్యూల్ ఒక్కటి తీయండి, ఒక్క ఫ్లోర్‌కే. దాన్ని పట్టుకుని పైకి వెళ్లి లెక్కపెట్టండి. మీ సైట్ ఏ అంతస్తులో ఉంది, లైన్ ఎంత దూరంలో ఉంది, క్రేన్ ఎక్కడ పెడుతున్నారు, సెల్లార్ గుంట ఇంకా తెరిచే ఉందా అన్నవి ఇక్కడ రాస్తే క్రేన్ వృత్తం, తవ్వకం పట్టీ ఎలా గీయాలో అంచెలంచెలుగా చెబుతాను.